బట్టలు ఉతికిన చేతులు రాసిన పుస్తకం



అల్ హైల్‌లో మన కూడికకు వచ్చే అక్కల్లో కొందరు ఇళ్లలో పనిచేస్తున్నారని మీకు తెలుసు. గోదావరి జిల్లాల నుంచో కడప నుంచో వచ్చి, పరాయి ఇంట్లో వంట చేసి, బట్టలు ఇస్త్రీ చేసి, సెలవు దొరికిన రోజున పరుగున ప్రార్థనకు వస్తారు. వచ్చి వెనక వరుసలో కూర్చుంటారు. ఈ నెల మీకు పరిచయం చేస్తున్న అమాండా బెర్రీ స్మిత్ గారు కూడా అలా పనిచేసినవారే.

ఆమె 1837 జనవరి 23న అమెరికాలోని మేరీలాండ్‌లో బానిసగా పుట్టారు. తండ్రి శామ్యూల్ పగలు యజమాని పని చేసి, రాత్రుళ్లు చీపుర్లు, చాపలు అల్లి అమ్మేవారు. ఆ డబ్బుతో మొదట తన స్వేచ్ఛను, తర్వాత భార్యాపిల్లల స్వేచ్ఛను కొన్నారు. మనం పంపే డబ్బుతో ఊళ్లో ఇల్లు లేస్తుంది, పిల్లల ఫీజులు కడతారు. ఆయన కష్టార్జితంతో తన సొంత బిడ్డలను కొనుక్కోవాల్సి వచ్చింది!

అమాండా గారు బడికి వెళ్లింది కొన్ని నెలలే. మైళ్ల దూరం నడిచి వెళ్తే, తెల్లపిల్లల పాఠాలు అయ్యాక సమయం మిగిలితేనే ఆమెకు చెప్పేవారు. మొదటి భర్త అంతర్యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. రెండో భర్త 1869లో చనిపోయారు. ఐదుగురు పిల్లల్లో మేజీ అనే కూతురు ఒక్కతే బతికి పెద్దదయింది. న్యూయార్క్‌లో ఇతరుల బట్టలు ఉతికి, రాత్రంతా ఇస్త్రీ చేసి ఇల్లు గడిపారు.

1868లో ఒక ఆదివారం తెల్లవారి మెథడిస్టు ఆరాధనకు వెళ్లారు. వాక్యం వింటుంటే హృదయం పొంగింది, కానీ గట్టిగా స్తుతించడానికి భయం వేసింది. అందరూ తెల్లవారే, బయటకు పంపేస్తారేమో! ఆ రోజే ఆ భయం తనను విడిచిపోయిందని ఆమె తర్వాత రాసుకున్నారు. నా మట్టుకు ఆమె జీవితంలో అసలు మలుపు ఇదే. తెల్లగా పుడితే బాగుండేదనిపించదా అని అడిగినవారికి, తన రంగుతో తనకు తృప్తేనని నవ్వుతూ చెప్పేవారు. అలాగని అవమానాలు ఆగిపోలేదు, వాటినీ దాచకుండా రాశారు.

ఏ సంఘమూ ఆమెను పాస్టరుగా అభిషేకించలేదు. అయినా పిలిచిన చోటికల్లా వెళ్లి పాడారు, ప్రసంగించారు. 1878లో కొన్ని నెలల కోసమని ఇంగ్లాండు వెళ్లినవారు పన్నెండేళ్లకు గానీ స్వదేశం చేరలేదు! మధ్యలో 1879 నుంచి 1881 వరకు మన దేశంలో ఉన్నారు. బొంబాయి, కలకత్తా, ఇంకా బర్మా కూడా వెళ్లారు. కలకత్తాలో పెద్ద మిషనరీ అయిన జేమ్స్ థోబర్న్ గారు, ప్రసంగీకుడిగా తనకు పనికొచ్చిన విషయాలు ఎక్కువగా ఈమె దగ్గరే నేర్చుకున్నానని ఒప్పుకున్నారు. కాలేజీ చదువు ఉన్న మనిషి ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. తర్వాత సుమారు ఎనిమిదేళ్లు పశ్చిమ ఆఫ్రికాలో, ముఖ్యంగా లైబీరియాలో సేవ చేశారు.

1893లో తన ఆత్మకథ అచ్చు వేయించారు. కొన్ని నెలల చదువుతో ఐదు వందలకు పైగా పేజీలు. దాన్ని తానే అమ్ముతూ, వచ్చిన డబ్బు కూడబెట్టి, 1899లో షికాగో దగ్గర హార్వీలో నల్లజాతి అనాథ పిల్లలకు ఆశ్రమం తెరిచారు. 1915లో ఫ్లోరిడాలో ప్రభువు సన్నిధికి చేరారు.

కాపీరైటు గడువు ఎప్పుడో తీరింది కనుక ఆ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లీషు తేలికే, పొడుగే ఎక్కువ. ఇండియా అధ్యాయాలతో మొదలుపెట్టినా ఫరవాలేదు. మన అక్కలకు వారానికి నాలుగు పేజీలు తెలుగులో చెప్పి వినిపించగలిగిన వారెవరైనా ఉంటే, ఆరాధన అయ్యాక నాతో మాట్లాడండి.