జగదీశ్ స్వామినాథన్

సంక్రాంతి దినములలో తెల్లవారకమునుపే లేచి, వాకిలి ఊడ్చి, కలాపి చల్లి, చుక్కలు పెట్టి ముగ్గు వేయు స్త్రీలను మీరందరును చూచియే యుందురు. ఇబ్రహీంపట్నము ప్రాంతమునందలి కోహెడవంటి పల్లెలోనైనను, హైదరాబాదు వీధులలోనైనను ఈ దృశ్యము మనకు క్రొత్త కాదు. ఆ చుక్కల లెక్క వారికి ఏ పాఠశాలయందును నేర్పలేదు. తల్లి వేయుచుండగా కూతురు చూచినది. తన చేతికి తోచిన వంపు నొకదానిని కలిపినది. మధ్యాహ్నమగునప్పటికి పశువులును బండ్లును త్రొక్కి ఆ ముగ్గు చెరిగిపోవును. వేసినదెవరని అడుగువారుండరు. వేసినవారును తాము చిత్రకారులమని అనుకొనరు.

ఇట్టి చేతులకును పేరుండవలెనని, వాని పనికిని చిత్రశాలలో చోటుండవలెనని పట్టుపట్టి, భోపాలు నగరములో పదేండ్లకు దగ్గరగా పాటుపడిన చిత్రకారుడొకడు కలడు. ఆయనయే జగదీశ్ స్వామినాథన్.

స్వామినాథన్ 1928వ సంవత్సరము జూన్ 21వ తేదీన సిమ్లాలో ఒక తమిళ కుటుంబమున జన్మించెను. వైద్యవిద్యకు పూనుకొని దానిని నడుమనే విడిచిపెట్టెను. ఇల్లు వదలి కలకత్తా చేరెను. మొదట సోషలిస్టులతోను, పిదప కమ్యూనిస్టులతోను కలసి రాజకీయములలో తిరిగెను. పత్రికలకు వ్రాసి పొట్టపోసికొనెను. ఢిల్లీ పాలిటెక్నిక్కులో సాయంకాలపు తరగతులకు పోయి చిత్రలేఖనము నేర్చెను. 1957 ప్రాంతమున పోలండు రాజధానియైన వార్సాకు పోయి అక్కడి చిత్రకళాశాలలో చేరెను గాని, అదియును పూర్తిచేయకయే తిరిగివచ్చెను. ఏ పాఠశాలయు ఆయనను చివరివరకు నిలుపుకొనలేకపోయెనని చెప్పక తప్పదు. బడిచదువు లేని చిత్రకారులపై ఆయనకు తరువాత కలిగిన గౌరవమునకు ఇదియును ఒక కారణమై యుండవచ్చును.

1962లో గుజరాతునందలి భావనగరములో ఒక మిత్రుని యింట పన్నెండుగురు చిత్రకారులు సమావేశమై ఒక సంఘముగా ఏర్పడిరి. ఆ యింటి నంబరు 1890. సంఘమునకు వేరు పేరు వెదకుకొనక ఆ నంబరునే పెట్టుకొనిరి! 1963లో ఢిల్లీలో వారి చిత్రప్రదర్శనమును ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించెను. భారతీయ చిత్రకారుడు పారిస్ నగరపు పోకడలను అనుకరింపరాదు. పాత బొమ్మలకు నకళ్లు తీయుచును కూర్చుండరాదు. ఇదియే వారి వాదము. స్వామినాథన్ ఆ సంఘమునకు గొంతువంటివాడు. పిమ్మట ఆయన చిత్రించిన పక్షి, పర్వతము, వృక్షము గల చిత్రములు ప్రసిద్ధికెక్కినవి. విశాలమైన ఒకే రంగు నడుమ గాలిలో తేలుచున్న కొండ, దానిపై ఒక చిన్న పిట్ట, అంతే. ఆ చిత్రములయెదుట నిలుచున్నవారికి మాటాడవలెనని తోచదు.

ఇంతవరకు ఆయన పేరుగల చిత్రకారులలో ఒకడు మాత్రమే. ఆయన జీవితములో ముఖ్యమైన ఘట్టము ఏబదియేండ్లు దాటినపిదప వచ్చినది.

మధ్యప్రదేశ్ ప్రభుత్వము భోపాలులో పెద్ద చెరువు గట్టున భారత భవనమను కళాకేంద్రమును నిర్మింపదలచెను. ప్రసిద్ధ వాస్తుశిల్పి చార్లెస్ కొరియా దానికి రూపకల్పన చేసెను. చెరువువైపు మెట్లుమెట్లుగా దిగు ఆ కట్టడములో రూపంకర్ అను చిత్రశాల యొకటి. దానిని నడుపు బాధ్యత స్వామినాథనునకు అప్పగింపబడెను. మరియొకడైనచో ఢిల్లీ, బొంబాయి చిత్రకారుల పటములను తెచ్చి గోడలు నింపి యుండెడివాడు. స్వామినాథన్ అవియును తెప్పించెను. కాని అంతటితో తృప్తి నొందలేదు. యువచిత్రకారులను, చిత్రకళ చదువు విద్యార్థులను బృందములుగా చేసి మధ్యప్రదేశపు అడవి పల్లెలకు పంపెను. ఇంటింటి గోడలను, మట్టిబొమ్మలను, కంచు ప్రతిమలను చూచిరండు. చేసినవారి పేరు తెలిసికొని రండు అని వారికి ఆజ్ఞ.

పేరు తెలిసికొనుటలో నేమి విశేషమని మీకు తోచవచ్చును. అంతకుమునుపు ఆదివాసుల వస్తువులను సాధారణముగా విల్లంబులతోను, కుండలతోను కలిపి అద్దాల బీరువాలలో పెట్టి, ఫలానా తెగవారిదని మాత్రము చీటి అంటించెడివారు. చేసిన మనిషి ఆ చీటిలో కానరాడు. ఆదివాసి గతించిన కాలపు అవశేషము కాడనియు, మనతోపాటు నేడు బ్రదుకుచు, నేడు ఆలోచించుచు, నేడు చిత్రించుచున్న సమకాలికుడనియు స్వామినాథన్ వాదించెను.

అట్లు బయలుదేరిన బృందములలో నొకటి పాటన్‌గఢ్ అను పల్లెకు చేరినది. అచ్చట ఒక యింటి గోడపై బొమ్మను చూచి వారు ఆగిపోయిరి. గీసినవాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. ఇరువది యేండ్ల లేత యువకుడు, పేదవాడు. అతడు పర్ధాను కులస్థుడు. మన ఆదిలాబాదు గోండులకు వలెనే అక్కడి గోండులకును పర్ధానులు గాయకులు. తంత్రీవాద్యము మీటుచు గోండుల దేవతల కథలను, వంశగాథలను పాడుట వారి వృత్తి. పాటలో వినిపించు దేవతలకు జన్‌గఢ్ రూపము కల్పించెను. స్వామినాథన్ అతనిని భోపాలునకు రప్పించి, కాగితమును, రంగులను, పని నేర్చుకొను చోటును ఇచ్చెను. చుక్కలతోను, సన్నని గీతలతోను నిండిన అతని జింకలు, పక్షులు, దేవతలు చూచువారిని ఆశ్చర్యచకితులను గావించినవి.

భూరీబాయి కథ వేరు. ఆమె ఝాబువా జిల్లాలోని పిటోల్ గ్రామమునకు చెందిన భీలు స్త్రీ. భారత భవనము కట్టుచున్నప్పుడు అక్కడనే కూలిపని చేయుచుండెను. తన యింటి గోడలపై ఎట్టి బొమ్మలు వేయుదువో ఇక్కడ వేసి చూపుమని స్వామినాథన్ ఆమెను అడిగెను. ఆమెకు హిందీ రాదు. మాట ఒకరు తెలుపగా గ్రహించినది. మట్టి మోయుటకు ఇచ్చుదానికంటె బొమ్మ వేయుటకు ఎక్కువ డబ్బు ఇచ్చినప్పుడు ఆమెకు కలిగిన విస్మయమును ఊహింపవచ్చును. తాను ఇటుకలు మోసిన భవనముననే చిత్రకారిణిగా ప్రవేశించిన ఆమెకు 2021లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నిచ్చెను.

ఇక సోనాబాయి రజవార్. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా ప్రాంతమున పుహ్‌పుత్రా ఆమె గ్రామము. భర్త ఆమెను ఇల్లు కదలనీయక, ఇరుగుపొరుగుతో మాటాడనీయక ఏండ్ల తరబడి ఇంటనే ఉంచెను. కుమారునకు ఆటబొమ్మలు లేకపోగా ఆమె మట్టితో చేసియిచ్చెను. పిదప ఎండవేడిమి తగ్గుటకై వెదురుబద్దలతోను మట్టితోను జాలీలు అల్లి, వానిలో పిట్టలను, కోతులను, నాట్యమాడు మనుష్యులను కూర్చుండబెట్టెను. ఎవరును నేర్పలేదు, చూచి నేర్చుకొనుటకు మరొకరి పని కంటబడలేదు. 1983లో భారత భవనమువారు ఆ యింటిలో అడుగిడునప్పటికి గోడలన్నియు ప్రాణము పోసికొని యుండెను. ఈమె కథ చదివినప్పుడు మనస్సు సంతోషించుటయా, బాధపడుటయా అను సందిగ్ధము నాకు నేటికిని తీరలేదు.

1982 ఫిబ్రవరి 13వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ భారత భవనమును ప్రారంభించెను. రూపంకరులో ఒకవైపు నగరములయందలి నవీన చిత్రకారుల కృతులు, ఇంకొకవైపు ఆదివాసుల, గ్రామీణుల కృతులు. గదులు వేరైనను కప్పు ఒక్కటే. ప్రక్కనున్న చీటిపై చేసినవారి పేరు ఉండెను.

ఈ పద్ధతిని అందరును మెచ్చలేదు. పెండ్లికో మ్రొక్కుబడికో గోడపై వ్రాయు బొమ్మకు కాగితమును, వెలయును కల్పించినచో అది పూజ కాక సరకగునని కొందరాక్షేపించిరి. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. జన్‌గఢ్ చిత్రములు 1989లో పారిస్ నగరమువరకు పోయినవి; భోపాలు శాసనసభా భవనపు గోడలను అతడే అలంకరించెను. కాని 2001లో జపాను దేశములోని ఒక ప్రదర్శనశాలకై పని చేయుచు, భార్యాబిడ్డలకు దూరముగా, ఆ పరదేశముననే అతడు అకాలమరణము నొందెను. పల్లెనుండి పిలిచి తెచ్చిన కళాకారునకు పరదేశములో తోడెవరను ప్రశ్న అప్పుడు దేశములోని చిత్రకారులనందరిని కలచివైచెను. దానికి సమాధానము చెప్పుటకు స్వామినాథన్ అప్పటికి లేడు. అయినను జన్‌గఢ్ చూపిన త్రోవలో అతని బంధువులనేకులు చిత్రకారులైరి. పాటన్‌గఢ్‌వారి ఆ శైలికి జన్‌గఢ్ కలం అని పేరు వచ్చినది.

స్వామినాథన్ 1990లో భోపాలు విడిచి ఢిల్లీకి మరలెను. ఇతరులకు చోటు చూపబోయి తానును మారెను. ప్రసిద్ధి తెచ్చిన పక్షిని, కొండను విడిచిపెట్టి, మట్టిరంగులతో, గోడపూతవంటి గరుకైన తలముపై, ఆదివాసుల గురుతులను తలపించు ముక్కోణములను, గీతలను చిత్రింపసాగెను. గురువెవరు, శిష్యులెవరు అని అడిగినచో చెప్పుట కష్టము. 1994 ఏప్రిలు 25వ తేదీన ఆయన ఢిల్లీలో మరణించెను.

భూరీబాయి భోపాలులోనే నిలిచిపోయెను. ఆ నగరములో తరువాత వెలసిన ఆదివాసి ప్రదర్శనశాలలో ఒక పొడవైన గోడను ఆమెకు అప్పగించిరి. దానిపై ఆమె తన జీవితకథనే బొమ్మలుగా వ్రాసెను.