పాట నిలిచింది, పేరు మరుగైంది

'మీరజాలగలడా' పాట వినని తెలుగువారు అరుదు. 1966లో విడుదలైన 'శ్రీకృష్ణ తులాభారం' చిత్రంలో పి. సుశీల పాడగా జమున అభినయించిన పాటగానే అది చాలామందికి గుర్తు. అయితే ఆ పాటను రాసి, సినిమా రావడానికి ఎన్నో ఏళ్ల ముందే సత్యభామ వేషంలో పాడి ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగించినది మన బాపట్లవాడేనని నేటి కుర్రకారులో ఎందరికి తెలుసు? ఆయనే పద్మశ్రీ స్థానం నరసింహారావు.

స్థానం వారు 1902లో బాపట్లలో జన్మించారు. తండ్రి మరణంతో చిన్న వయసులోనే సంసార భారం ఆయన మీద పడింది. 1920 ప్రాంతంలో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తుండగా చంద్రమతి వేషధారి రాలేదు. ఆ వేషం కట్టడానికి నరసింహారావు ముందుకు వచ్చారు. దానితో ఆయన బతుకు దారే మారింది.

తరువాత ఆయన తెనాలి శ్రీరామ విలాస సభలో చేరారు. మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు వంటి ఉద్దండులు ఉన్న సమాజం అది. ఆడవారు రంగస్థలం ఎక్కడం అరుదైన ఆ రోజుల్లో సత్యభామ, రోషనార, దేవదేవి, చింతామణి, మధురవాణి పాత్రలకు స్థానం వారు ప్రాణం పోశారు. ఒక పాత్రకు మరొక పాత్రతో పోలిక లేకుండా నడక, చూపు, మాటతీరు, అలంకారం మార్చేవారు. ముత్తరాజు సుబ్బారావు రాసిన తులాభారం నాటకంలో సత్యభామగా ఆయన పాట అందుకుంటే, ఒకే పంక్తిని మళ్లీ మళ్లీ పాడుతూ ప్రతిసారీ కొత్త భావం పలికించేవారు. కృష్ణుడు తన మాట దాటడన్న గర్వం, ధీమా, వలపు అన్నీ అందులోనే కనిపించేవి. 1956లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది.

కాని కాలం మారింది. 1932లో తెలుగు టాకీ వచ్చింది. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించసాగారు. 1942 నాటి 'సత్యభామ' చిత్రంలో సత్యభామగా పుష్పవల్లి నటించగా, ఆ పాత్రకే పేరుపడిన స్థానం వారు కృష్ణుని వేషం వేశారు. తెల్లవార్లూ సాగే పద్యనాటకాలకు క్రమంగా ఆదరణ తగ్గింది. తన పాత్రపోషణ అనుభవాలను ఆయన 'నటస్థానం' గ్రంథంలో రాసి ఉంచారు. 1971లో కన్నుమూశారు.

సినిమా ఎన్నిసార్లయినా చూడవచ్చు. రంగస్థలం మీది అభినయం మాత్రం చూసిన కళ్లతోనే పోతుంది. స్థానం వారి సత్యభామను కళ్లారా చూసినవారు దాదాపు కనుమరుగయ్యారు. 2022లో బాపట్ల జిల్లా కేంద్రమైంది. ఆ ఊరి పేరును నాటకంతో నలుదిక్కులా వినిపించిన మనిషిని మన పిల్లలకు పరిచయం చేయడం మన పని. ఊళ్లో మైకులో ఆ పాట వినిపించినప్పుడు, అది ఎవరు రాశారో పక్కనున్న పిల్లవాడికి ఒక్క మాట చెబితే చాలు.