మూడవ సాలార్‌జంగు – ఆయన కళాభాండారము

జంషెడ్‌పూరునుండి సెలవులకు స్వస్థలము చేరు మన కుటుంబములలో, హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియమున గంటగంటకు బొమ్మ వచ్చి గంట కొట్టు గడియారము ముందు నిలువనివారు అరుదు. ఆ వస్తువులను కూర్చినవారి జీవితము మాత్రము పలువురకు తెలియదు.

నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగు, 1889 జూన్ 13వ తేదీన పూణేలో జన్మించిరి. నెల తిరుగకముందే తండ్రి మరణించిరి. ఆరవ నిజాము ఆ పసివాని సంరక్షణభారము వహించిరి. తాతయగు మొదటి సాలార్‌జంగు 1876లో రోమునగరమున కొనిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహము నేటికిని మ్యూజియమునకు మకుటాయమానము.

1912లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, వీరు ఏడవ నిజామునకు దివానైరి. 1914లో ఆ పదవిని విడిచి, శేషజీవితమును కళావస్తువుల సేకరణమునకే అంకితము గావించిరి. పచ్చరాతి పిడుల బాకులు, పర్షియా తివాచీలు, చీనా పింగాణి, వ్రాతప్రతులు, ఐరోపా గడియారములు దివాన్ దేవిడీకి చేరుచుండెను. దేశదేశముల వర్తకులు ఆ వాకిట మూగుచుండిరి.

వీరు అవివాహితులు. అంతటి సంపదకును సేవకుల నమ్మకమే కాపలా. ఆ నమ్మకమును కొందరు వమ్ము చేసిరనియు, కూర్చినదానిలో ఇంచుమించు సగమే మిగిలినదనియు ప్రతీతి. అట్టి రాశిలో ఒక వస్తువు మాయమైనను లోటు కంటబడదుగదా!

1949 మార్చి 2వ తేదీన వీరు దివంగతులైరి. సంతానము లేదు. సేకరణము చెదరిపోకుండ, నాటి ప్రధాన పరిపాలకులు వెల్లోడిగారు దానిని మ్యూజియముగా రూపొందింప సంకల్పించిరి. కళావిమర్శకులు జేమ్స్ కజిన్స్ వస్తువులను అమర్చిరి. 1951 డిసెంబరు 16న ప్రధాని నెహ్రూ దివాన్ దేవిడీలో ప్రారంభోత్సవము జరిపిరి. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ అయ్యెను. 1968లో మూసీ దక్షిణపుటొడ్డున నూతన భవనమునకు తరలించునపుడు మరికొన్ని వస్తువులు పోయినవని చెప్పుదురు.

మన నగరమునకు పేరిచ్చిన జంషెడ్జీ టాటా కుమారులు సర్ దొరాబ్జీ, సర్ రతన్ సైతము గొప్ప సేకర్తలే. వారి కళాసంపద బొంబాయి మ్యూజియమునకు దానముగా చేరి, ప్రజలదై నిలిచెను.

నూరేండ్లు దాటిన విగ్రహములు, చిత్రములు మొదలగువానిని ఛాయాచిత్రముతో నమోదు చేయింపవలెనని 1972 నాటి చట్టము విధించుచున్నది. తాళము దొంగను ఆపకపోవచ్చును. పోయిన వస్తువు మనదని నిరూపించుటకు జాబితాయు ఛాయాచిత్రమునే సాక్షులు. పూజామందిరమునందలి తాతలనాటి కంచువిగ్రహమునకు సైతము ఈ జాగ్రత్త అవసరము. నవాబుగారి జీవితము మనకు చేయు హెచ్చరిక ఇదియే.