తపాలా బిళ్లకు ముందునాటి జాబులు – బ్రౌను దొర

బ్రౌను దొర పేరు చెప్పగానే తెలుగువారికి నిఘంటువును, వేమన పద్యములును స్ఫురించును. ఆయన కొంతకాలము చెన్నపట్టణమున తపాలాశాఖకు అధిపతిగా నుండెనన్న సంగతి మాత్రము అంతగా జ్ఞప్తికి రాదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1817లో కుంపినీ కొలువునకై చెన్నపట్టణము చేరిన యీ యువకుడు 1820లో కడపకు వచ్చెను. కచేరీ పనికై నేర్వ మొదలిడిన తెలుగు క్రమముగా జీవితవ్రతమాయెను. సొంత ధనముతో పండితులను పోషించి, తాటాకు ప్రతులు సేకరించి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను.

1846 ప్రాంతమున ఆయన పోస్టుమాస్టరు జనరలు పదవి నందెను. అప్పటికి మన దేశమున తపాలా బిళ్లలు లేవు. జాబు వ్రాసిన కాగితమునే మడిచి, లక్కతో అంటించి, వెలుపలి మడతపై చిరునామా వ్రాయుట వాడుక. రుసుము దూరమును, తూకమును బట్టి మారెడిది. పంపువాడు చెల్లింపనిచో అది బేరింగు ఉత్తరము. పుచ్చుకొనువాడు సొమ్ము చెల్లించి విడిపించుకొనవలెను.

అట్టి జాబు నేడెవరి పెట్టెలోనైన కనబడినచో కాగితపు మడతలు, లక్క మచ్చ, ఊరి పేరుగల ముద్ర, రుసుము చెల్లినదో బాకీయో తెలుపు గురుతు, చేతితో వేసిన అణాల అంకెలు పరిశీలింపవలెను. తపాలా గురుతులేవియు లేనిచో అది మనిషిచేత పంపిన జాబు కావచ్చును. బిళ్ల లేనంతమాత్రమున పూర్వకాలపుదని నిశ్చయింపరాదు. 1854 అక్టోబరులో దేశమంతటను బిళ్లలు వచ్చి, పావుతులము జాబునకు ఎంత దూరమైనను అర్ధణాయే రుసుమైనది. అటుపిమ్మటను బిళ్ల అంటింపని జాబులు రెట్టింపు రుసుముపై బేరింగుగా పోవుచునే యుండెను. కావున లోపలి తేదీని వెలుపలి ముద్రతో సరిచూచుట అవసరము.

బ్రౌను వెలుపలి ముద్రలు గల శాఖకు అధిపతి. అయినను ఆయన మనసు లోపలి మాటలయందు నిలిచెను. 1852లో నిఘంటువుతోపాటు వెలువడిన ఆయన తెలుగు రీడరు ముఖ్యముగా జాబుల సంపుటము. సొంత సంగతులు, వ్యాపారము, పోలీసు, రెవిన్యూ వ్యవహారములు అందు గలవు. కావ్యభాషకే గౌరవము గల ఆ దినములలో సామాన్యులు వ్రాసికొను తెలుగును పాఠ్యముగా నిలుపుట చిన్న సాహసము కాదు. పండితులు తనకు వ్రాసిన జాబులను సైతము ఆయన భద్రపరచెను. శతాబ్దము గడచిన పిదప బంగోరె వానిని వెలికి తీసి ప్రకటించెను.

1855 నాటికి కొలువు వీడి బ్రౌను లండను చేరెను. 1865లో అచ్చట విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడాయెను. వివాహమాడలేదు. 1884 డిసెంబరు 12వ తేదీన పరమపదించెను. కడపలో ఆయన నివసించిన తావున నేడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రము గలదు.

చెదలకు విడిచిన పాతజాబులలో నాటి ధరలు, తగవులు, పెండ్లిమాటలు ఎన్నియో నశించినవి. బ్రౌను దాచినవి మాత్రము నేటికిని చదువ దొరకుచున్నవి.