గర్భిణులకు ఫోలిక్ యాసిడ్ అందించిన మన భీమవరం డాక్టరు - యల్లాప్రగడ సుబ్బారావు

కువైట్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాల్లో ఏ ఇంట్లోనైనా శుభవార్త తెలిసిందంటే, డాక్టరు రాసే మొదటి మందు చిన్న పసుపుపచ్చ ఫోలిక్ యాసిడ్ బిళ్ళ. ఆ బిళ్ళ వెనక ఒక తెలుగువాడి జీవితం ఉంది. సాల్మియాలో అపార్ట్‌మెంట్లలో ఉండే మనలాంటి ఇంజనీర్లకూ, అబ్బాసియాలో గది అద్దెకు తీసుకుని డ్రైవరు పని చేసుకునే గోదావరి జిల్లాల సోదరులకూ ఆయన కథ ఒకేలా పనికొస్తుందనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను. నేను డాక్టరుని కాను. అమెరికాలో ఎమ్మెస్ చేసి, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న మామూలు ఇంజనీరుని. మా ఆవిడకు నెలలు నిండుతున్న రోజుల్లో, ఆమె వేసుకునే ప్రతి మందు గురించీ చదివే అలవాటు నాకు పట్టుకుంది. అలా సుబ్బారావు గారి దగ్గరికి వచ్చాను.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరిలోని భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవారు. ఇంట్లో డబ్బుకు కటకట. చిన్నప్పుడు చదువు మీద అంత ధ్యాస కూడా లేదు. కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుని బాగా సంపాదించాలని ఇంట్లోంచి పారిపోయాడట! తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. అదీ మద్రాసు హిందూ హైస్కూల్లో. మన పిల్లలకు ఒక పరీక్షలో మార్కులు తగ్గితే ఇంట్లో ఎంత హడావుడి చేస్తామో తలుచుకుంటే, వెంకమ్మ గారి ఓపికకు దండం పెట్టాలి.

తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. ఆ వయసులో రామకృష్ణ మిషన్ వైపు మనసు మళ్ళి సన్యాసం పుచ్చుకుంటానన్నారు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. వైద్యం నేర్చుకుంటే జనానికి సేవ చేసినట్టే కదా అన్న సలహా మీద మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులూ, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ డబ్బు సాయం చేశారు. ఆ మూర్తి గారి అమ్మాయి శేషగిరినే 1919లో పెళ్ళి చేసుకున్నారు. గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరు వేసుకునేసరికి, సర్జరీ చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ అనే చిన్న పట్టా మాత్రమే చేతికి వచ్చింది.

ఈలోగా ఇంట్లో పెద్ద పిడుగు పడింది. అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు ట్రాపికల్ స్ప్రూ. ఈ జబ్బు చేస్తే పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వవు. విరేచనాలతో, రక్తం లేక మనిషి చిక్కి శల్యమైపోతాడు. కొన్నాళ్ళకు అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో ఆయన బయటపడ్డారు. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో కొంతకాలం పాఠాలు చెప్పారు. కానీ, ఈ జబ్బు ఎందుకు వస్తుంది, దేనితో పోతుంది అన్న ప్రశ్న మాత్రం ఆయన్ని వదల్లేదు.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ ఇచ్చిన సాయంతో 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చేశారు. మన దేశపు పట్టాకు అక్కడ విలువ లేకపోవడంతో పొట్టకూటి కోసం ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరారు. విదేశంలో చదువుకుంటూ రెస్టారెంట్లలో గిన్నెలు కడిగిన మనవాళ్ళకు ఆ కష్టం కొత్తగా చెప్పక్కర్లేదు.

పగలు మాత్రం లేబొరేటరీ. సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసరుతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టి 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటే బయోకెమిస్ట్రీ చదివినవాళ్ళందరికీ తెలుసు. 1927లో కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్ బయటపెట్టారు. 1929లో ఏటీపీ. దాన్ని జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడాది విడిగా కనిపెట్టాడు. మన ఒంట్లో ప్రతి కణానికీ శక్తినిచ్చే కరెన్సీ నోటు లాంటిది ఈ ఏటీపీ. ఇంత చేసినా హార్వర్డ్‌లో పర్మనెంటు ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరి, కొద్దికాలానికే అక్కడి పరిశోధన మొత్తానికి డైరెక్టరు అయ్యారు.

ఇక మన పసుపుపచ్చ బిళ్ళ సంగతికొద్దాం. ఇది కూడా మన దేశంలోనే మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో రక్తహీనత ఎక్కువగా ఉంటే కారణం వెతికింది. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ పెడితే ఆ తల్లులు కోలుకున్నారు. అంటే ఈస్ట్‌లో, కాలేయంలో, ఆకుకూరల్లో ఏదో ఒక పదార్థం ఉంది. 1941లో అమెరికాలో పాలకూర నుంచి దాన్ని కొంతవరకు వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట మీద ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కానీ టన్నుల కొద్దీ ఆకు ఉడికిస్తే వచ్చేది చిటికెడు! లోకానికి సరిపడా కావాలంటే ఫ్యాక్టరీలో తయారు చేయాలి. ఆ పని చేసింది సుబ్బారావు గారి బృందం. 1945లో దాన్ని కృత్రిమంగా తయారు చేశారు. గర్భిణుల రక్తహీనతకే కాదు, ట్రాపికల్ స్ప్రూకి కూడా అదే మందయింది. తన అన్నదమ్ముల్ని పొట్టనపెట్టుకున్న జబ్బుకు పాతికేళ్ళ తర్వాత ఆయన లేబొరేటరీలోనే మందు తయారైంది.

అక్కడితో ఆగలేదు. ఫోలిక్ యాసిడ్‌ను పోలిన, దాని పనిని అడ్డుకునే రసాయనాలు కూడా ఆయన బృందమే తయారు చేసింది. బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి చూశాడు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అప్పటిదాకా ఆశ లేని జబ్బు, కొన్నాళ్ళపాటైనా తగ్గింది. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఆ పిల్లల వైద్యంలో ముఖ్యమైన మందు. మన కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా లెడర్లీ మందే. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను ఆయన ఆధ్వర్యంలోనే బెంజమిన్ డగ్గర్ కనిపెట్టారు. అది 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53. అమెరికా పౌరసత్వం లేకుండానే వెళ్ళిపోయారు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది.

ఆయన జీవితంలో నన్ను బాగా కదిలించిన విషయం ఇంకొకటి ఉంది. 1922లో ఇల్లు వదిలాక ఆయన మళ్ళీ ఇండియా రాలేదు. శేషగిరి గారు భర్తను మళ్ళీ చూడలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడనే లేదు. లోకంలోని తల్లులందరికీ మందు ఇచ్చిన మనిషి తన సొంత బిడ్డ దగ్గర లేడు. ఇది గొప్ప త్యాగమని పొగిడేవాళ్ళు ఉన్నారు. ఒక ఆడబిడ్డ తండ్రిగా నేనలా పొగడలేను. పరిశోధనకు నమస్కరిస్తాను గానీ, శేషగిరి గారి వంటరితనాన్ని దాని ఖాతాలో సర్దేయడం న్యాయం కాదనిపిస్తుంది. కువైట్‌లో ఫ్యామిలీ వీసాకు జీతం చాలక, భార్యాబిడ్డలను ఊళ్ళో వదిలి ఉంటున్న మనవాళ్ళు వేలల్లో ఉన్నారు. బిడ్డ పుట్టిన కబురు ఫోనులో వినే తండ్రులు మన మధ్యే ఉన్నారు. అప్పట్లో ఉత్తరానికి చాలా రోజులు పట్టేది. ఇప్పుడు వీడియో కాల్ ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజైనా భార్యతో ఫోనులో ఉండి, రిపోర్టు అడిగి, మందుల పేర్లు రాసుకోవడం మన చేతిలో పనే.

ఇప్పుడు అసలు ముఖ్యమైన మాట. ఫోలిక్ యాసిడ్ రక్తహీనతకే కాదు, బిడ్డ వెన్నుపాముకు కూడా రక్ష అని తేలింది సుబ్బారావు గారు పోయిన చాలా ఏళ్ళకు. 1991లో ఏడు దేశాల్లో జరిగిన బ్రిటిష్ పరిశోధనలో, అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్ళీ ఆ లోపం రావడం 72 శాతం తగ్గింది. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని గమనించి, టెస్టు చేసుకుని, డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకునేసరికి ఆ 28 రోజులూ చాలామందికి అయిపోతాయి! అందుకే బిళ్ళ మొదలుపెట్టాల్సింది కడుపు పండాక కాదు, అంతకు ముందే.

మనకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. గల్ఫ్‌లో పనిచేసేవాడికి తను సెలవు మీద ఎప్పుడు ఇంటికి వెళతాడో నెలల ముందే తెలుసు. పిల్లలు కావాలనుకుంటే, టికెట్ బుక్ చేసిన రోజే ఊళ్ళో ఉన్న భార్యకు ఫోన్ చేసి ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టమని చెప్పండి. బంగారం, సెంట్లు, చాక్లెట్ల లిస్టు కన్నా ముందు ఇది రాసుకోండి. ఇంకొన్ని విషయాలు:

మామూలుగా చెప్పే మోతాదు రోజుకు 400 మైక్రోగ్రాములు. గర్భం రావడానికి కనీసం నెల ముందు నుంచి మూడో నెల నిండేదాకా వాడాలి. ఇండియాలో మందుల షాపుల్లో 5 మిల్లీగ్రాముల బిళ్ళ ఎక్కువగా దొరుకుతుంది. అది పన్నెండు రెట్లకు పైగా ఎక్కువ. ముందు బిడ్డకు లోపం ఉన్నవాళ్ళకు, షుగరు ఉన్నవాళ్ళకు, మూర్ఛ మందులు వాడేవాళ్ళకు డాక్టర్లు పెద్ద మోతాదు రాస్తారు. మీకు ఏది అవసరమో డాక్టరునే అడగండి.

కువైట్‌తో సహా గల్ఫ్ దేశాల్లో గోధుమపిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలుపుతున్నారు. ఒమన్ 1996లోనే మొదలుపెట్టింది. కానీ మూడు పూటలా అన్నం తినే మన ఇళ్ళకు ఖుబూస్ ద్వారా అందేది తక్కువ. కాబట్టి బిళ్ళ మానకండి. తోటకూర, పాలకూర, పప్పులు, శెనగలు ఎలాగూ మంచివే.

పూర్తి శాకాహారులు బి12 పరీక్ష కూడా చేయించుకోవాలి. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపించి, బి12 లోపం వల్ల నరాలకు జరిగే నష్టం బయటపడకుండా ఉండిపోవచ్చు.

కీళ్ళవాతానికో, సోరియాసిస్‌కో మెథోట్రెక్సేట్ వాడుతున్న ఆడవాళ్ళు పిల్లలు కావాలనుకుంటే ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. గర్భంలో అది బిడ్డకు ప్రమాదం. టెట్రాసైక్లిన్ జాతి మందులు గర్భిణులకు, చిన్నపిల్లలకు మామూలుగా ఇవ్వరు, ఎదిగే పళ్ళకు శాశ్వతంగా మరక పడుతుంది. ఊరి నుంచి తెచ్చుకున్న మందుల డబ్బాలో పాత స్ట్రిప్పులు వెతికి వేసుకునే అలవాటు మానుకోవాలి.

సుబ్బారావు గారి పేరు మన పిల్లల పుస్తకాల్లో కనిపించేది తక్కువ. పెళ్ళయి కొత్తగా కువైట్ వచ్చిన జంట మీ ఇంటికి భోజనానికి వస్తే, ఆయన కథతో పాటు 28 రోజుల సంగతి కూడా చెప్పండి. సిగ్గుపడాల్సిన విషయం ఏమీ లేదు. ఎవరో ఒక పెద్దక్క, పెద్దన్న చెప్పకపోతే వాళ్ళకు సమయానికి తెలిసే దారి లేదు. మీ ఇంట కొత్తగా రాబోయే పాపాయిలందరికీ ముందుగానే ఆశీస్సులు.