హాజరు పుస్తకానికి తలవంచిన మహానటుడు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుడి జీవితం గురించి రాయమని కార్యదర్శి గారు కోరారు. దేశ నాయకుల గురించి, కవుల గురించి రాయగలవారు మన సభ్యుల్లో చాలామందే ఉన్నారు. నాకు తెలిసింది రెండే విషయాలు: ఆఫీసు ఫైళ్ళు, నాటకాలు. నాటకాల్లోనూ నేను పెద్ద వేషాలు కట్టినవాణ్ణి కాను. మా ఆఫీసు బృందానికి ఇరవై ఏళ్ళకు పైగా స్టేజీ మేనేజరుగా, ప్రాంప్టరుగా పనిచేశాను. తెర లాగడం, వింగులో నిలబడి అందించడం, ఎంట్రీకి ముందు నటుణ్ణి వెతికి పట్టుకు రావడం నా పనులు. ఆ పనికి విలువ ఉందని నాకు నమ్మకం కలిగించిన రష్యా దేశపు మహానటుడు స్టానిస్లావ్‌స్కీ గురించి నాలుగు మాటలు రాస్తాను.

ఆయన అసలు పేరు కాన్‌స్టాంటిన్ అలెక్సేయెవ్. 1863 జనవరిలో మాస్కోలో పుట్టారు. వాళ్ళది బంగారు, వెండి జరీ తీగలు తీసే ఫ్యాక్టరీ. మహా ధనవంతులు. పిల్లల ముచ్చట కోసం తండ్రి తమ వేసవి విడిది అయిన ల్యుబీమొవ్కాలో చిన్న నాటకశాలే కట్టించాడు. 1877లో, పద్నాలుగేళ్ళ వయసులో, అక్కడే మొదటిసారి వేషం కట్టారు. అదే రోజున ఒక నోటుబుక్కు మొదలుపెట్టి, తాను ఎక్కడ బాగా చేసిందీ, ఎక్కడ తప్పిందీ రాసుకున్నారట. ఆ అలవాటు జీవితాంతం పోలేదు. పెద్దయ్యాక పగలు ఫ్యాక్టరీ వ్యవహారాలు, సాయంత్రం రిహార్సళ్ళు. మనలో నాటకాలాడిన వాళ్ళందరి బతుకూ అంతే కదా, ఫ్యాక్టరీ ఒక్కటి తక్కువ.

పరువుగల ఇంటి కుర్రవాడు బయట నాటకాలాడితే బాగుండదని మారుపేరు పెట్టుకున్నారు. తనకు నచ్చిన ఒక ఔత్సాహిక నటుడి పేరు అది. ఒకసారి ఏదో చౌకబారు ప్రహసనంలో వేషం వేసి తెర ముందుకు వస్తే, ఎదురుగా తల్లిదండ్రులే కూర్చొని ఉన్నారు! తండ్రి కేకలు వేయలేదు. నాటకం మానవద్దనీ, ఆడదలిస్తే మర్యాదైన బృందాన్ని చేర్చుకొని మంచి నాటకాలే ఆడమనీ మర్నాడు చెప్పాడు. 1888లో ఆయన స్థాపించిన కళా సాహిత్య సంఘానికి ఈ మాట కూడా ఒక కారణం కావచ్చునని నా ఊహ.

1890లో జర్మనీ నుంచి మైనింగెన్ అనే బృందం మాస్కోకు వచ్చింది. దాన్ని నడిపించేవాడు క్రోనెక్. రిహార్సలు బయట అందరితో స్నేహంగా ఉండేవాడు. వేళ దగ్గరపడితే మనిషే మారిపోయేవాడు. గడియారం ముల్లు చెప్పిన గీత మీదికి వచ్చేదాకా మౌనంగా కూర్చొని, పెద్ద గంట మోగించి పని మొదలుపెట్టించేవాడు. ఒకనాడు ముఖ్య నటుడొకడు ఆలస్యంగా వచ్చాడు. క్రోనెక్ కోపగించుకోలేదు. ఆ వేషం ఇంకొకరికిచ్చి, వచ్చినవాణ్ణి వెనక వరుసలో గుంపును నడిపించే పనికి పంపాడు. స్టానిస్లావ్‌స్కీ ఇదంతా చూసి ముగ్ధుడై, తమ బృందంలోనూ అలాగే కఠినంగా ఉండటం మొదలుపెట్టారు. ఆయన్ను చూసి మరికొందరు దర్శకులూ గంట పట్టుకున్నారు. తాను అనుకరించింది క్రోనెక్ పద్ధతిని కాదు, అతని నిరంకుశత్వాన్ని మాత్రమేనని తరువాత ఆయనే పశ్చాత్తాపపడి రాసుకున్నారు. ఇది నాకు చాలా నచ్చిన విషయం. గంట కొట్టడం ఎవరికైనా వస్తుంది. ఆ గంటకు నటుడు ఇష్టంగా లేచి వచ్చేటట్టు చేయడం వేరు.

1897 జూన్‌లో నెమిరోవిచ్ దాంచెంకో అనే రచయితతో ఒక హోటల్లో భోజనానికి కూర్చున్నారు. మధ్యాహ్నం రెండింటికి మొదలైన మాటలు మర్నాడు ఉదయం ఎనిమిది దాకా సాగాయి. మాస్కో ఆర్టు థియేటరు ఆ పద్దెనిమిది గంటల్లో పుట్టింది. కళ గురించి ఎంత మాట్లాడుకున్నారో, నడవడి గురించీ అంత మాట్లాడుకున్నారు. ఆలస్యం, బద్ధకం, అలకలు, పాఠం రాకపోవడం, ఒక మాట రెండుసార్లు చెప్పించుకోవడం, ఇవన్నీ నాటకానికి ఒకే రకమైన చేటు అని తీర్మానించుకున్నారు. రచయిత, నటుడు, దుస్తులు తొడిగేవాడు, సెట్టింగు మోసేవాడు అందరూ ఒకే పనికి నౌకర్లని ఒప్పుకున్నారు. డబ్బు చేతిలో పడితే ముందు నటుల గదులు బాగుచేయాలనీ అనుకున్నారు. మన దగ్గర ఇప్పటికీ అదే చివరికి మిగిలిపోయే పని.

మరుసటి వేసవి, 1898లో, మాస్కోకు ముప్పై కిలోమీటర్ల దూరంలోని పూష్కినోలో ఒక మిత్రుడి తోటలోని కొట్టాన్ని స్టేజీగా మార్చుకొని రిహార్సళ్ళు ప్రారంభించారు. పగలు పదకొండు నుంచి ఐదు దాకా, మళ్ళీ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా. పనివాళ్ళు లేరు. నటీనటులే వంతులు వేసుకొని రోజుకొకరు ఊడ్చి, దుమ్ము దులిపి, టీ కాచి, ఆనాటి రిహార్సలు సక్రమంగా జరిగేటట్టు చూడాలి. మొదటి వంతు స్టానిస్లావ్‌స్కీదే. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్ళు, సంస్థకు అధిపతి, ఫ్యాక్టరీ యజమాని. చీపురు పట్టడం రాదు, చెత్త ఎత్తడం రాదు. రష్యన్లు టీకి వాడే సమోవారు అనే పాత్ర ఉంటుంది. మన ఇళ్ళల్లో నడుమ బొగ్గుల గొట్టం ఉండే రాగి బాయిలరు లాంటిదే. అందులో నీళ్ళు పోయడం మరచి నిప్పు వేశారు! అతుకులు కరిగి సమోవారు ఊడిపోయింది, ఆ పూట ఎవరికీ టీ లేదు. ఈ ముచ్చట మరొకరు చెప్పింది కాదు, తన ఆత్మకథలో ఆయనే పెట్టుకున్నారు.

అక్కడే ఒక పుస్తకం కూడా పెట్టారు. ఆనాడు ఏ నాటకం రిహార్సలు జరిగింది, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు, ఎవరు ఎంత ఆలస్యం, ఏ గొడవ జరిగింది, ఏ వస్తువు చేయించాలి, అన్నీ అందులో ఎక్కేవి. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మన హాజరు పట్టీయే కదా! మూడు లేట్లకు ఒక క్యాజువల్ లీవు పోయిన రోజులు మిత్రులకు గుర్తుండే ఉంటాయి. మనం ఆ పట్టీని శత్రువులా చూశాం. వాళ్ళు దాన్ని తమ కోసం తామే పెట్టుకున్నారు.

ఇక్కడ నా అనుభవం ఒక్కటి చెప్పనివ్వండి. ఒక పరిషత్తు పోటీలకు నాటిక తీసుకువెళ్ళాం. రెండో రంగంలో హీరోకు ఒక ఉత్తరం అందాలి. దాన్ని బల్లమీద నేను పెట్టాలి. మా హీరో ముందుజాగ్రత్త అనుకున్నాడేమో, నాతో చెప్పకుండా దాన్ని తీసి తన లాల్చీ జేబులో వేసుకొని, రంగానికి ముందు లాల్చీ మార్చుకున్నాడు. వింగులో నేను ఉత్తరం కోసం వెతుకుతుంటే, స్టేజీ మీద ఆయన ఖాళీ బల్లను వెతుకుతున్నాడు. చివరకు ఒక లైటు బిల్లు మడిచి పంపాను. తనది కాని వస్తువు ముట్టుకోకపోవడం, తీసినది తీసినచోటే పెట్టడం, బయటికి వెళితే ఒక్కమాట చెప్పి వెళ్ళడం, ఈ మూడూ పాటించే నటుడు దొరికితే స్టేజీ మేనేజరు ఆరోజు సుఖంగా అన్నం తింటాడు.

ఆర్టు థియేటరులో అయితే తెర వెనుక పని మరీ ఎక్కువ. చెహోవ్ నాటకాలకు స్టానిస్లావ్‌స్కీ పిట్టల కూతలు, కప్పల అరుపులు, కీచురాళ్ళ రొద కూడా పెట్టించేవారు. రచయితే వాటిని చూసి వేళాకోళం చేసేవాడట. ఆ రొద క్షణం అటూ ఇటూ అయితే నటుడి మాట మునిగిపోతుంది. కనుక వింగులో ఉన్నవాడికీ స్టేజీ మీద ఉన్నవాడికీ ఒకే ఊపిరి ఉండాలి. 1902లో కొత్త భవనానికి మారినప్పుడు డబ్బు పెట్టిన కోటీశ్వరుడు సవ్వా మొరోజొవ్, హాలుకు బంగారు పూతలు వద్దని స్టేజీకీ, నటుల గదులకూ ఖర్చుపెట్టించాడు. తానే పనిబట్టలు వేసుకొని ఎలక్ట్రీషియన్లతో కలిసి లైట్లు సరిచేసేవాడు. మేకప్పు చేసే గ్రెమిస్లావ్‌స్కీని స్టానిస్లావ్‌స్కీ తన ఆత్మకథలో పేరుపెట్టి మరీ కళాకారుడిగా మెచ్చుకున్నారు. ఎందరు పెద్ద నటులు అంత పని చేశారు?

ఎంత జాగ్రత్తపడినా ప్రమాదాలు తప్పవు. 1912 జనవరిలో హామ్లెట్ మొదటి ప్రదర్శన. ఇంగ్లండుకు చెందిన గోర్డన్ క్రెయిగ్ సెట్టింగుగా చాలా ఎత్తయిన మడత తెరల చట్రాలు రూపొందించాడు. ప్రేక్షకుల ముందే అవి కదిలి రంగం మారాలని ఆయన కల. ప్రదర్శనకు గంట ముందు ఒక చట్రం ఒరిగి, పక్కదాన్ని తోసి, పేకమేడలా అన్నీ కూలిపోయాయి. గుడ్డలు చిరిగాయి, కర్రలు విరిగాయి. బయట జనం చేరుతున్నారు. పనివాళ్ళు ఆ గంటలోనే బాగుచేశారు గాని, ఆ కల వదులుకొని రంగానికీ రంగానికీ మధ్య మామూలు తెర వేయవలసి వచ్చింది.

ఇక ఆయన జీవితంలో నన్ను ఎక్కువ కదిలించిన సంగతి. 1917లో దొస్తోయెవ్‌స్కీ నవల ఆధారంగా స్తెపాంచికొవో గ్రామం అనే నాటకం సిద్ధమవుతోంది. అందులో రొస్తానెవ్ వేషం స్టానిస్లావ్‌స్కీకి ప్రాణం. కుర్రతనంలో, 1891లో, అదే వేషం వేసి పేరు తెచ్చుకున్నారు. ఈసారి నెలల తరబడి రిహార్సళ్ళు చేసినా పాత్ర కుదరలేదని భాగస్వామి నెమిరోవిచ్ అభిప్రాయపడ్డాడు. డ్రెస్ రిహార్సలు దాకా వచ్చాక ఆ వేషం ఆయన నుంచి తీసి మరొకరికి ఇచ్చారు. ఆనాడు ఆయన మేకప్పుతో కూర్చొని కన్నీళ్ళు పెట్టుకున్నారట. తలచుకుంటే ఆ నాటకాన్నే ఆపించగల మనిషి. గొడవ చేయలేదు, వర్గం కట్టలేదు. క్రోనెక్ చేతిలో వేషం పోయిన ఆ జర్మన్ నటుడిలా తప్పుకున్నారు. తేడా ఏమిటంటే ఈయన ఆలస్యంగా రాలేదు, ఏ తప్పూ చేయలేదు. పాత వేషాలు వేస్తూనే ఉన్నారు గాని, ఆ తరువాత ఆ థియేటరు తయారుచేసిన కొత్త నాటకాల్లో ఆయన వేషం కట్టలేదు. నెమిరోవిచ్ నిర్ణయం సరైనదో కాదో నేను చెప్పలేను. అయినా సొంత సంస్థలో సొంత నియమం తన మెడకే చుట్టుకున్నప్పుడు, అది పరాయివాళ్ళ కోసం చేసింది అని తప్పించుకోని మనిషిని నా సర్వీసులో నేను చూడలేదు.

1928లో ఆర్టు థియేటరు ముప్పై ఏళ్ళ పండుగ. ముగ్గురు అక్కాచెల్లెళ్ళు నాటకంలో మొదటి అంకం ఆడారు. వెర్షీనిన్ వేషంలో ఉన్న ఆయనకు స్టేజీ మీదే గుండెపోటు వచ్చింది. అంకం పూర్తయ్యేదాకా నిలబడి, తెర పడ్డాకనే వైద్యుణ్ణి చేరారు. మళ్ళీ వేషం కట్టలేదు. మిగిలిన పదేళ్ళూ ఎక్కువగా ఇంట్లోనే ఉండి శిష్యులకు పాఠాలు చెప్పారు, పుస్తకాలు రాశారు. నటన నేర్పే ఆయన గ్రంథం మొదటి అధ్యాయంలోనే ఒక విద్యార్థి రిహార్సలుకు ఆలస్యంగా వస్తాడు. అందరూ ఎదురుచూసి విసిగిపోయి ఉంటారు. అప్పుడు మందలించి, ఆనాటి రిహార్సలునే రద్దుచేసేది పెద్ద గురువు కాదు, ఆయన సహాయకుడు. ఆ అధికారం సహాయకుడి చేతిలో పెట్టడం ఊరికే జరిగిందని నేననుకోను.

డెబ్భై ఏళ్ళు నిండిన సందర్భంలో, 1933లో, థియేటరు గుమ్మం దగ్గర ప్రేక్షకుల కోట్లు తీసుకొని భద్రపరిచే సిబ్బందికి ఆయన ఒక ఉత్తరం రాశారు. లోపలికి అడుగుపెట్టిన క్షణం నుంచే ప్రదర్శన మొదలవుతుందనీ, వచ్చినవారిని ముందుగా పలకరించేది వాళ్ళేననీ అందులో తెలియజేశారు. 1938 ఆగస్టు 7న, డెబ్భై అయిదేళ్ళ వయసులో, మాస్కోలోని తన ఇంట్లో కన్నుమూశారు. ఆ ఇల్లు తరువాత మ్యూజియం అయింది.