జెర్డన్ దొర - కలివికోడి

తిరువూరు సీమ మామిడితోటలకు పెట్టినది పేరు. అట్టి తోటలలో, ఆకుల నడుమ ఆకువలె కలిసిపోయి తిరుగు పచ్చని పిట్ట యొకటి కలదు. మగదానికి గొంతుక్రింద నల్లని మచ్చ యుండును. ఇది ఇతర పక్షుల కూతలను ఎంత నేర్పుగా అనుకరించుననగా, విన్నవాడు వేరొక పిట్టకై కొమ్మలన్నియు వెదకవలసినదే. కలకత్తా ఆసియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలను చూచుచుండిన ఎడ్వర్డ్ బ్లైత్ పండితుడు 1844లో ఈ పక్షికి శాస్త్రనామము పెట్టుచు అందులో జెర్డన్ పేరును చేర్చెను. ఆ జెర్డన్ పక్షిశాస్త్రమే వృత్తిగా గలవాడు కాడు. కుంఫిణీ కొలువులోని వైద్యుడు.

థామస్ కావర్‌హిల్ జెర్డన్ 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డర్హాం మండలమున జన్మించెను. ఎడింబరోలో వైద్యము నభ్యసించి, 1836 ఫిబ్రవరిలో మద్రాసు చేరెను. అప్పుడు గంజాం ప్రాంతమున పటాలమువారు జ్వరముతోను, రక్తవిరేచనములతోను బాధపడుచుండిరి. కొత్త వైద్యుని అచ్చటికే పంపిరి. పగలు రోగులను చూచుచు, తీరిక దొరికినప్పుడెల్ల తూర్పుకనుమల పక్షులను సేకరింప నారంభించెను. మరుసటి యేడు తిరుచిరాపల్లికి బదిలీ యయ్యెను.

ఆ రోజులలో ఒక నష్టము సంభవించినది. తాను సేకరించిన పక్షుల చర్మములను, వాటి పేర్లు నిర్ణయింపుడని, స్కాట్లండులోని జార్డిన్ పండితునకు పంపగా, ఓడ ప్రయాణము ముగియునప్పటికి వాటిని చిమ్మటలు తినివేసినవి. మరియొకడైన ఆ పనికి స్వస్తి చెప్పియుండును. జెర్డన్ మాత్రము ఇక సీమపండితులకై కాచుకొనక తన నిర్ణయమునే నమ్ముకొనెను. 1839, 40 సంవత్సరములలో మద్రాసు పత్రికలో ప్రకటించిన దక్షిణాపథ పక్షుల పట్టికలో 420 జాతులు చేరినవి. అంతకుముందు సైక్స్ దొర చేసిన పట్టికకు ఇది దాదాపు రెట్టింపు. చిమ్మటలు చేసిన మేలనవలెను!

1841లో ఫ్లోరా మాక్లియడ్‌ను పెండ్లియాడెను. ఆమెయు సామాన్యురాలు కాదు. పూలమొక్కల చిత్రములు వ్రాయుటయందు నిపుణురాలు.

తరువాత నెల్లూరికి సివిల్ సర్జనుగా వచ్చుట జెర్డన్ జీవితమున ముఖ్యఘట్టము. అడవిని అరచేతి గీతలవలె ఎరిగిన యానాదులు అచ్చట ఆయనకు ఉపాధ్యాయులైరి. ఏ పక్షి ఎచ్చట గూడు కట్టునో, ఏది ఏ వేళ కూయునో వారిని అడిగి తెలిసికొనెను. అందుచేతనే ఆయన గ్రంథములలో లాటిను పేర్ల ప్రక్కన తెలుగుపేర్లు కనబడును. 1847లో మద్రాసున ముద్రితమైన ఏబది చిత్రముల పక్షిగ్రంథమునకు బొమ్మలు వ్రాసినవారిలో పెక్కుమంది దేశీయ చిత్రకారులే.

ఆయన దృష్టి పక్షులతో ఆగలేదు. 1851లో దక్షిణదేశపు చీమలను వర్ణించుచు, ఎగిరి దూకి వేటాడు ఒక చీమను లోకమునకు తెలియజేసెను. ఆ చీమల పుట్టలో రాణి చనిపోయినప్పుడు పనిచీమలు తమలో తాము పోరాడును. గెలిచినవి గ్రుడ్లుపెట్టుటకు పూనుకొనును. అట్టి చీమ ఆయువు నెలలనుండి సంవత్సరములకు పెరుగును, మెదడు పరిమాణము తగ్గును. 2010లో శాస్త్రజ్ఞులు దీని జన్యుక్రమమును పూర్తిగా చదివిరి.

1857 తిరుగుబాటు తరువాత గవర్నరు జనరల్ కానింగ్ ప్రభువు ఈ వైద్యుని గ్రంథరచనకే ప్రత్యేకముగా నియమించెను. 1862 మొదలు 1864 వరకు వెలువడిన భారతదేశ పక్షుల గ్రంథమున వేయికి పైబడిన జాతులు వర్ణింపబడినవి. పూరేడువంటి ఒక చిన్నపక్షిలో ఆడదియే కయ్యమునకు దిగునని, మగది గ్రుడ్లు పొదుగునని అందు వ్రాయగా, డార్విన్ మహాశయుడు తన గ్రంథమున దానిని ఉదాహరించెను. జెర్డన్ 1870లో స్వదేశమునకు మరలి, 1872 జూన్ 12న లండను చెంత మరణించెను.

ఇక అన్నింటికంటె విచిత్రమైన కథ యొకటి మిగిలినది. తూర్పుకనుమలలో ఆయనకు దొరికిన ఒక పక్షిని బ్లైత్ 1848లో వర్ణించెను. పొడవైన కాళ్లు, రొమ్మున రెండు పట్టీలు. పగలు పొదల మాటున దాగి, రాత్రి సంచరించును. జెర్డన్ దీని తెలుగుపేరును అడవి ఉటతిత్తి యని వ్రాసికొనెను. 1900 ప్రాంతమున అనంతపురము దగ్గర కనబడిన పిమ్మట ఈ పక్షి జాడయే లేదు. పండితులు అంతరించినదనుకొనిరి.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు వదలక కడప మండలమున పక్షి బొమ్మను పల్లెపల్లెకు చూపి అడిగిరి. రాత్రివేట అలవాటుగల గ్రామీణుడొకడు దానిని గుర్తుపట్టెను. అతనికది కలివికోడి. 1986 జనవరిలో, సిద్ధవటము చేరువ, ఆ పక్షి ప్రాణముతో దొరికెను. ఎనుబదియైదేండ్లుగా శాస్త్రజ్ఞులు కానని దానిని వేటగాడు ఎరిగియే యుండెను! ఆ పొదలను శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యముగా కాపాడిరి. 2005 ప్రాంతమున తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పొదలవరకు రాగా, తరువాత కాలువదారినే మార్చిరి. కలివికోడిని కన్నులార చూచినవారు నేటికిని బహు కొలదిమంది.